పచ్చబడిన పెళ్ళికొడుకు

ఆ ఆదివారం పొద్దున్న విశ్వనాథ్ మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. మేనల్లుడు హేమంత్‌ను ఉద్దానం తీరంలో, వాళ్ళ కొబ్బరితోట చివర నిలబెట్టి ఒక్క ఫొటో తీయాలి. పన్నెండింటికి వర్జ్యం వచ్చేలోగా టెక్కలిలో ఉన్న పిల్ల తండ్రి మన్మథరావుకు పంపాలి. పలాస బడిలో లెక్కలు చెప్పే ఆ మనిషి అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఆగడు కదా! కొత్తగా కొన్న ఫిల్టరు ఉందాయె. లెన్సు ముందు బిగించే నల్లద్దం అది. వెలుగును దాదాపు ఆపేస్తుంది కాబట్టి ఒక్క ఫొటోకు అరనిమిషం పడుతుంది, అలలు పాలు పోసినట్టు వస్తాయి. హేమంత్ పాపం ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మందసలో ఒక పెళ్ళిలో మన్మథరావు కూతురు లక్ష్మీప్రియతో నాలుగు మాటలు మాట్లాడిన దగ్గర్నుంచి, చేసుకుంటే ఆ పిల్లనే అంటున్నాడు.

మొదటి ఫొటోలో సముద్రం, తోట, మనిషి అన్నీ వంగపండు రంగు.

"ఏటి మావా, నన్ను వంకాయలాగ తీసినావు?"

"ఫిల్టరు రంగు దిగిందిరా. తెల్లటిదేదైనా సూపిత్తే కెమెరా సర్దుకుంటాది. తెల్లగుడ్డుందేటి?"

హేమంత్ తండ్రి గోవిందరావు తాడుమీద ఆరేసిన తన పంచె తెచ్చి పట్టుకున్నాడు. అందులో తెలుపు ఎంత, ఆయన భార్య రాజులమ్మ పెట్టిన నీలిమందు ఎంత అని ఎవరూ అడగలేదు. ఆ నీలాన్నే తెలుపనుకున్న కెమెరా, దాన్ని తగ్గించబోయి రెండో ఫొటోలో లోకమంతటికీ పసుపు పూసింది. ఎండలో ఆ చిన్న తెరమీద తేడా తెలియలేదు. వర్జ్యం తరుముకొస్తోంది. పంపేశాడు.

సాయంత్రం మన్మథరావు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, కుర్రోడి మొకం పచ్చబడిపోయిందేటండీ?"

ఉద్దానం కుర్రాడి గురించి ఆ ప్రశ్న వేస్తే అర్థం ఒక్కటే. కిడ్నీ జబ్బు ఆ ఊళ్ళలో ఎంతమందిని తీసుకుపోయిందో అందరికీ తెలుసు. విశ్వనాథ్ వెంటనే ఫిల్టరు గురించి ఇరవై నిమిషాలు పాఠం చెప్పాడు. "అలాగేనండి" అని ఆయన పెట్టేశాడు. మాస్టారు అదే ఫొటోకు రంగు సరిచేసి మళ్ళీ పంపాడు. చెయ్యి కాస్త ఎక్కువై హేమంత్ నాటకంలో వేషగాడిలా తయారయ్యాడు.

"ఇంకేటీ సెయ్యకు బావా, నీకు దండం పెడతాను," అన్నాడు గోవిందరావు. "నాలుగు రోజులు ఊరుకో. ఆళ్ళే ఫోన్ సేత్తారు."

ఊరుకుంటే మాస్టారెలా అవుతాడు! మర్నాడే బ్లడ్ గ్రూపు కార్డుకని మాయమాట చెప్పి హేమంత్‌ను ల్యాబుకు తీసుకెళ్ళి, కిడ్నీ పరీక్షలు చేయించాడు. అన్నీ నార్మల్. సంతోషం పట్టలేక, ఎవరూ అడగకుండానే ఆ రిపోర్టును టెక్కలికి పంపాడు.

రెండు రోజులకు జవాబొచ్చింది. ఇప్పట్లో పిల్లకు పెళ్ళి తలపెట్టడం లేదట.

హేమంత్ ఆ కబురు విని తోటలోకి పోయి చీకటిపడేదాకా రాలేదు. వాడు నాలుగు తిట్టి ఉంటే విశ్వనాథ్‌కు అన్నం సయించేది.

నెల తరవాత లక్ష్మీప్రియే మాస్టారికి ఫోన్ చేసింది.

"ఆ పచ్చ ఫొటో సూసి మా నాన్న బయపడ్డారండీ. నానే సెప్పినాను, నురగ కూడా పచ్చగానే ఉంది, సముద్రానిక్కూడా జబ్బేటి నాన్నా అని. నవ్వేసి, ముహూర్తాలు మాటాడ్డానికి మీ ఇంటికొద్దామన్నారు."

"మరేటయిందమ్మా?"

"మర్నాడే మీ రిపోర్టొచ్చింది. ఏ బాదా లేనోడు పరీచ్చలెందుకు సేయించుకుంటాడు అన్నారు. ఇంక నా మాట ఇన్లేదు."

"నేనిప్పుడే వచ్చి ఆయనతో మాట్లాడతానమ్మా!"

"మీరు మాత్రం రాకండి మాస్టారూ. నిన్న వేరేవోళ్ళతో తాంబూలాలైపోయినాయి. నాను వద్దన్లేదని మీ మేనల్లుడికి సెప్పండి, సాలు."

ఆ మాట చెప్పడానికి విశ్వనాథ్ తోటకు వెళ్ళాడు. "తప్పు నాదేరా" అంటూ అంతా చెప్పాడు. హేమంత్ విని, తల తిప్పుకుని, మట్టల మోపు ఎత్తుకున్నాడు.

ఆరోగ్యం విషయంలో మాత్రం ఆ కుర్రాడికి ఏ లోపమూ లేదని రిపోర్టులో ఇప్పటికీ ఉంది.