పేల మొక్కు

పేలు దువ్వే ఈరుపెన పోయింది ఆదివారం పొద్దున. మరునాడు సోమవారం, తెల్లవారుజాము రైలుకు వేములవాడ ప్రయాణం.

మందమర్రి బొగ్గుగని కార్మికుల లైన్లలో రాయమల్లుది చివరి నుంచి రెండో ఇల్లు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరు ఏ పని చేయాలో రాత్రే అనుకున్నారు. రాయమల్లుకు సెలవు కనుక బజారుకు పోయి కొబ్బరికాయలు, బెల్లం తేవాలి. అతని భార్య అనసూర్య దారిలోకి సద్ది కట్టాలి. తల్లి సత్తవ్వ మనుమడికి తల దువ్వి, నూనె పెట్టి, జడ వేయాలి. మనుమడు రాజేశానికి ఐదో ఏడు. పుట్టినప్పటి నుంచి కత్తెర తగలని జుట్టు వాడి నడుము దాకా దిగింది. మరునాడు అది వేములవాడ రాజన్న దేవునికి ఇవ్వవలసిన జుట్టు.

సత్తవ్వ జడ విప్పింది. పాయ తీసింది. మళ్లీ మూసింది.

"ఓ పిల్లా, అనసూర్యా! జర ఇటు రా. రేపు జాతరకు పోవుడేందే, నీ కొడుకు నెత్తిలనే నడుస్తున్నది జాతర."

అనసూర్య వచ్చి చూసింది. పేలు, ఈపులు, అన్ని వయసులవీ ఉన్నాయి.

"రేపు ఎట్లన్న గుండే గదా అత్తా. వెంట్రుకలతోనే అవ్విగూడ పోతయి."

"ఏం మాటలే గవి! రాజన్నకు కోడె మొక్కున్నది, బెల్లం మొక్కున్నది. పేన్ల మొక్కు ఎక్కడన్న ఉన్నదా? ఒకటిస్తే పదిచ్చే దేవుడాయన. మా తాత ఒక్క కోడెను కట్టిండు, కొట్టంనిండ గొడ్లాయె. గిప్పుడు మనం పేనిచ్చినమనుకో..."

సత్తవ్వ మాట పూర్తి చేయలేదు. అత్త, కోడలు, మనుమడు ముగ్గురూ ఒకేసారి తల గోక్కున్నారు.

అప్పుడు ఈరుపెన కోసం వెతికారు. గూట్లో లేదు, చూరులో లేదు, సత్తవ్వ మంచం కింద లేదు. బజారు నుంచి వచ్చిన రాయమల్లు బియ్యం కుండలో కూడా చేయి పెట్టి చూశాడు. ఇంట్లో ఏమీ వెతకనివాడు రాజేశం ఒక్కడే.

ప్రయాణం వాయిదా వేసే వీలు లేదు. రాజేశానికి ముందు పుట్టిన పిల్ల నిలవలేదు. వీడు కడుపున పడ్డప్పుడు అనసూర్య మొక్కుకున్నది, బతికితే మొదటి జుట్టు నీదేనని. మూడో ఏట ఇద్దామనుకుంటే ఆమె అన్న సారయ్య రాలేదు. మొదటి కత్తెర మేనమామ వేయాలి. రైల్లో కనబడినవాళ్లతో కబురు పంపారని, ఇంటికి వచ్చి బొట్టుపెట్టి పిలవలేదని సారయ్య అలిగాడు. సరి ఏట తీయరాదు కనుక నాలుగో ఏడు ఊరికే పోయింది. ఈసారి రాయమల్లు స్వయంగా లక్సెట్టిపేట అవతల ఉన్న ఆ పల్లెకు పోయి, బొట్టుపెట్టి, కొత్త ధోవతి ఇచ్చి పిలిచి వచ్చాడు. రాబోయే అమావాస్యతో రాజేశానికి ఐదేళ్లు నిండుతాయి. రేపు తప్పితే మళ్లీ ఏడో ఏడే. ఏడో ఏడు అనే మాట అనసూర్య ఎవరినీ అననిచ్చేది కాదు.

ఆమె పక్కింటి ఎల్లక్క దగ్గరికి పోయింది.

"అక్కా, జర మీ ఈరుపెన ఉంటె ఇయ్యరాదు."

"ఈరుపెననా?" ఎల్లక్క ఒక అడుగు వెనక్కి వేసింది. "మా ఇంట్ల గసొంటియి లేవమ్మా. ఎవ్వలకు పడ్డయి?"

పిల్లవాడి పేరు చెబితే మొక్కు జుట్టుకు పేలు పట్టాయన్న మాట లైనంతా తిరుగుతుంది. అనసూర్య క్షణం ఆలోచించి, "మా అత్తకు" అన్నది.

ఎల్లక్క ఇంటికీ వీళ్ల ఇంటికీ ఒకే గోడ. ఆ గోడకు అవతల సత్తవ్వ కూర్చుని ఉంది.

అనసూర్య తిరిగి వచ్చేసరికి సత్తవ్వ మూట సర్దుతున్నది. "నాకు పేన్లు పడ్డయా? నేను రాను మీ వేములవాడకు. లైనంత సాటింపు చేసినవ్ గదనే!" అంటూ గట్టిగా అరిచింది. అంతవరకూ వినని నాలుగిళ్లవాళ్లు అప్పుడు విన్నారు.

ఈ గొడవ నుంచి తప్పించుకోవడానికి రాయమల్లు ఒక ఉపాయం చెప్పాడు. "అవ్వా, ఒర్రకు. గ్యాసునూనె పెడుదాం. గడియల సస్తయి." దీపం సీసాలో ఉన్న కిరసనాయిలంతా కొడుకు తలకు పట్టించి, పాత పంచె చుట్టాడు. రాజేశం గంతులు వేశాడు. ఒక చోట నిలవడు. మంచం ఎక్కుతాడు, దిగుతాడు, గోడకు తల రుద్దుతాడు. "అవ్వా, మండుతుంది! అవ్వా, ఇప్పు!"

మండుతుంది అన్న మాటతో అనసూర్యకు పొయ్యి గుర్తుకు వచ్చింది. ఉరికి పోయి నీళ్లు పోసి ఆర్పింది. సగం ఉడికిన అన్నం అట్లాగే ఉండిపోయింది. దేవుని దగ్గరి దీపం కూడా సత్తవ్వే ఆర్పి, చెంపలు వేసుకున్నది. ఇక ఇంట్లో నిప్పు అన్నది లేదు. ముగ్గురు పెద్దవాళ్లు మూడు వైపులా కాపలా కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడు సారయ్య వచ్చాడు. కొత్త ధోవతి, నెత్తిన ఎర్ర రుమాలు, నోట్లో వెలుగుతున్న బీడీ. మామను చూసి రాజేశం ఉరికాడు.

"అన్నా, ఆగు! ఇంట్లకు రాకు!" అని అనసూర్య కేక వేసింది.

సారయ్య గడపలో ఆగిపోయాడు. బొట్టుపెట్టి పిలిచి, గడపలో ఆపిన ఇల్లు అతను అంతవరకు చూడలేదు.

"రావద్దా? నన్నేనా?"

"నిప్పు! అన్నా, నిప్పు! నిప్పు!" అన్నది అనసూర్య. భయంతో ఆమెకు అంతకు మించి మాట రాలేదు.

బొగ్గుగని లైన్లలో నిప్పు అన్న మాట ఊరికే వినబడదు. ఎల్లక్క బర్రె కోసం పెట్టిన కుడితి బకెట్ ఎత్తుకొని ఉరికి వచ్చింది. ఆమె భర్త అంతయ్య తింటున్న ఎంగిలి చేత్తోనే ఆమె వెనక వచ్చాడు. అంతయ్య గనిలో సర్దారు. బాయిలోకి, అంటే గనిలోకి, దిగే ప్రతి మనిషినీ బీడీ, అగ్గిపెట్టె కోసం తడిమి చూసి పంపడం అతని పని. ఎల్లక్కకు కనబడింది బీడీ. కుడితి అంతా బీడీ మీద పోసింది. బీడీతో పాటు సారయ్య కూడా తడిశాడు.

"చేతులు లేపు!" అన్నాడు అంతయ్య, అలవాటు కొద్దీ.

ఏమి జరుగుతున్నదో తెలియక సారయ్య చేతులు లేపాడు. అంతయ్య నడుము దగ్గర తడిమి అగ్గిపెట్టె తీశాడు, బీడీ కట్ట తీశాడు, గుడ్డలో చుట్టిన కొత్త కత్తెర తీశాడు. కత్తెర తిరిగి ఇచ్చి, మిగతావి తన జేబులో వేసుకున్నాడు. "తలాశీ అయింది. ఇగ పో" అన్నాడు. ఆ తర్వాతనే తాము ఉన్నది బాయి మీద కాదని అతనికి తెలిసింది.

"నేను దొంగనా?" అని సారయ్య గిరుక్కున తిరిగాడు. కుడితితో బరువెక్కిన రుమాలు జారి కింద పడింది. కింద నున్నటి గుండు.

మగవాడు గుండుతో వచ్చాడంటే ఇంట్లో పెద్ద తల పోయిందనే అర్థం. అనసూర్య అన్న తలను చూసింది, ముఖాన్ని చూసింది.

"బాపూ!" అని కూలబడింది. "నాకు కబురన్న చెయ్యలేదు గదా బాపూ!"

ఎల్లక్క బకెట్ పక్కన పెట్టి ఆమెను పట్టుకొని ఏడ్చింది. లైన్లోని ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. సత్తవ్వ అలక మరిచి వియ్యంకుని మంచితనాన్ని ఒక్కొక్కటే తలచుకోసాగింది. బతికి ఉండగా ఆమె అతని గురించి ఒక్క మంచి మాట అన్నది లేదు.

"ఆగున్రి!" అని సారయ్య అరిచాడు. "బాపు సావలే! పొద్దుగాల కల్లు తాగి మంచిగ పండిండు!"

"మరి గుండేంది?" అన్నాడు రాయమల్లు.

సారయ్య నేల చూశాడు. "పేన్లు" అన్నాడు. "నెల కింద మీ పోరడు మా ఇంట్ల ఉండి వచ్చిండు గదా. పోతపోత ఇచ్చి పోయిండు. ఇంట్ల అందరికి ఎక్కినయి. తండ్రి బతికుండంగ గుండేందని ఊరంత అడుగుతుంటె రుమాలు కట్టుకొని తిరుగుతున్న."

సత్తవ్వ లేచింది. "మా పోరడు ఇచ్చిండా? మీ ఇంట్లనే ఎక్కినయి వానికి! ఇక్కడ ఎవ్వలకున్నయి పేన్లు?"

"అనసూర్య జెప్పింది, నీకున్నయట గదా పెద్దమ్మా" అన్నది ఎల్లక్క కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఎవరు ఎవరిని ఏమన్నారో చెప్పడం కష్టం. పేలు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయాయో తేలేలోపల సారయ్య తడి రుమాలు భుజాన వేసుకొని స్టేషను దారి పట్టాడు. "గడపల ఆపిన్రు. కుడితి పోసిన్రు. తలాశీ తీసిన్రు. నలుగురిల నా నెత్తి బయటపెట్టిన్రు. మీ కత్తెర మీరే ఏసుకోన్రి!"

రాయమల్లు అతని వెనక ఉరికాడు. అంతయ్య రాయమల్లు వెనక ఉరికాడు. స్టేషను ముందర మంగలి పెట్టె పెట్టుకొని కూర్చునే చోట సారయ్యను పట్టుకున్నారు.

"బావా, ఏడేండ్లదాక ఆగుడు నీ చెల్లెతోని కాదు" అన్నాడు రాయమల్లు. "ముందటి పిల్ల సంగతి నీకెరుకే గదా. ఇంట్ల అది మనిషి లెక్క లేదు."

సారయ్య అక్కడి నుంచి కదల్లేదు.

"నా ఒక్కని గుండే నగుబాటయింది" అన్నాడు చివరకు.

రాయమల్లు పోయి మంగలి ముందు కూర్చున్నాడు. "గీకు" అన్నాడు.

సారయ్య కొంత మెత్తబడ్డాడు. మెత్తబడి అంతయ్య వైపు చూశాడు. అంతయ్యకు ఒత్తైన జుట్టు, దాని మీద ప్రేమ కూడా. "నేనేం జేసిన? డ్యూటీ జేసిన" అన్నాడు. ఇద్దరు బావలూ అట్లాగే చూస్తూ ఉన్నారు. సర్దారు కూడా కూర్చున్నాడు. అంతటితో సారయ్య కోపం పూర్తిగా పోలేదు. రేపు వేములవాడకు సర్దారు వెంట వస్తేనే తానూ వస్తానన్నాడు.

ముగ్గురూ ఇంటికి వచ్చేసరికి అనసూర్య కుంకుడు రసంతో కొడుకు తల కడుగుతున్నది. పేలన్నీ చచ్చాయి. వాసన మాత్రం పోలేదు. ఆమె తలెత్తి మూడు గుండ్లను చూసింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

తెల్లవారుజాము రైలు, పెద్దపల్లి, కరీంనగరం, రెండు బస్సులు. దారి పొడుగునా జనం వాళ్లకు జరిగి చోటిచ్చారు. అది మర్యాద అనుకున్నాడు సారయ్య. వేములవాడలో తలనీలాలు తీసే చోట బారు పెద్దగా ఉంది. వాళ్లు దగ్గరికి రాగానే అక్కడి మంగలి కత్తి ఆపి, మూడు గుండ్లను చూశాడు. ఎర్రబడిన కళ్లతో ఉన్న అనసూర్యను చూశాడు.

"ఎవ్వలు పోయిన్రు పెద్దవ్వా?" అని సత్తవ్వను మెల్లగా అడిగాడు.

"ఎవ్వలు పోలే."

"సూతకంల మొక్కు తీర్చరాదు. దినాలు కానియ్యిన్రి, తర్వాత రాన్రి."

"సూతకం లేదయ్యా! ఇవి... మొక్కు గుండ్లు" అన్నది సత్తవ్వ.

"మొక్కయితె ఈడ గదా ఇచ్చేది? ఇంటికాడ గీక్కొని వచ్చేటోళ్లను నేను చూడలే."

సారయ్యకు మళ్లీ కోపం వచ్చింది. బతికి ఉన్న తండ్రిని రెండు రోజుల్లో రెండుసార్లు చంపారని అంటూ, సర్దారు దగ్గర తన అగ్గిపెట్టె గుంజుకొని బీడీ తాగడానికి బయటికి పోయాడు. వెనక బారులో ఉన్నవాళ్లు జరగండి, జరగండి అంటున్నారు. రాజేశం ఒంటికాలి మీద ఎగురుతున్నాడు. అనసూర్య అత్త వైపు చూసింది.

ఆ చూపుకు సత్తవ్వ కొంగు నడుముకు చుట్టింది. అంత జనంలో గొంతెత్తి, "మా ఇంట్ల ఎవ్వలు సావలే! పేన్లు పడ్డయి! అందరికి పడ్డయి! నాకుగూడ పడ్డయి!" అన్నది.

బారు మొత్తం వెనక్కి జరిగింది. కొద్దిసేపటికే వాళ్ల ముందూ వెనకా ఎవరూ లేరు.

మంగలి నవ్వాడు. "పేన్లేనా? గంతేగద! ఈడికొచ్చే వెంట్రుకలు ఊరికెనే వస్తయా పెద్దవ్వా? రోజు గంపలు గంపలు పేన్లు వస్తయి. రాజన్న ఎన్నడు ఎవ్వలకు తిరిగియ్యలే. పట్టున్రి పోరన్ని."

దేవుని విషయంలో సత్తవ్వ తప్పు చెప్పడం అదే మొదలు. ఆ సిగ్గులో తొందర చేసింది. "కానియ్ కొడుకా, జల్ది కానియ్. జనం మల్ల వస్తరు." చోటు దొరికిన సంతోషంలో రాయమల్లు కొడుకు కాళ్లు పట్టుకున్నాడు, అంతయ్య చేతులు పట్టుకున్నాడు. కత్తి నాలుగు వైపులా తిరిగింది. ఐదేళ్ల జుట్టు అనసూర్య కొంగులో పడింది.

ఆమె ఆ నున్నటి తల మీద చేయి వేసింది. వెంటనే తీయలేదు. ముందు పోయిన పిల్ల తర్వాత అంత చిన్న గుండ్రటి తల చేతికి తగలడం ఆమెకు ఇది రెండోసారి. "చల్లగున్నదా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

"మామ లెక్క అయిన" అన్నాడు రాజేశం తల తడుముకుంటూ.

అప్పుడు సారయ్య లోపలికి వచ్చాడు. బీడీ తాగాడు, ముఖం ప్రసన్నంగా ఉంది. గుడ్డ విప్పి కొత్త కత్తెర తీసి, కళ్లకు అద్దుకున్నాడు.

"ఆఁ, ఏడి మా అల్లుడు? పట్టున్రి."

మొక్కు తీరింది. మేనమామ మొదటి కత్తెర వేయడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.