హైడ్రోజన్‌కి రెండో చెయ్యి

ఆ ఉదయం ఇంట్లో రేగిన గొడవంతా రెండు టిచ్ బటన్ల గురించి.

"నా రెయిన్‌కోటు బటన్లు పీకిందెవరు?" అని ఇంటాయన హాల్లో నిలబడి కోటును జెండాలా ఎత్తి పట్టుకున్నాడు. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఆరు బటన్ల కోటుకు నాలుగే మిగిలితే ఆయన దృష్టిలో అది పన్నెండు నిమిషాలు ఆలస్యమైన బస్సుతో సమానం.

"పీకలేదురా, విప్పాను. దారం కూడా దాచాను," అంది ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న అక్కగారు. ఆమెకు ఆ వీధిలో దర్జీగా మంచి పేరుంది. ఆమె చేతిలో పడ్డ గుడ్డ చిరగాలే తప్ప కుట్టు ఊడదని అందరూ ఒప్పుకుంటారు.

"బయట వాన పడుతోందక్కా!"

"పడితే పడనీ. పిల్లలకి సరిపోలేదు. రెండు తక్కువొచ్చాయి."

"ఏ పిల్లలకి?"

"నీ పెళ్ళాం క్లాసు పిల్లలకి."

వంటింట్లో ఉన్న ఇల్లాలు గరిటె కింద పెట్టింది. కాలేజీలో రసాయనశాస్త్రం చదివి, పెళ్ళయ్యాక ఆ పుస్తకాలన్నీ అట్టలేసి అటక మీద పెట్టిన మనిషి. సిరా మరకకు నిమ్మకాయ ఎందుకు, కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది ఏమిటి అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ ఉంటుంది కాబట్టి వీధిలో ఆమెకు 'బీయస్సీ' అని పేరు పడింది. ఇప్పుడు ఇంట్లోనూ అదే పేరు.

పక్క సందులో ఉన్న బడిలో సైన్సు టీచరు కాన్పు సెలవు మీద వెళ్ళింది. "ఒక్క క్లాసు చెప్పి చూపించండి. పిల్లలకి అర్థమైతే ఈ మూడు నెలలూ మీరే," అంది హెడ్‌మిస్ట్రెస్. పాఠం, రసాయన బంధాలు. ఏడో తరగతి. ఈ రోజే, పదకొండు గంటలకు. పన్నెండేళ్ళుగా అలాంటి మాట కోసం ఎదురుచూస్తున్నట్టు బీయస్సీకి ఆ మాట విన్నాకే తెలిసింది. సంగతి చెబితే ఇంటాయన "చూద్దాం" అన్నాడు. ఆయన నోట ఆ మాట వస్తే చూసేదేమీ ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు.

బోర్డు మీద గుండ్రాలు గీసి చెబితే పిల్లలు నిద్రపోతారని ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. ఒక్కొక్కరికీ ఒక్కో గుడ్డ బెల్టు. బెల్టుకు జానెడు పట్టీలు వేలాడతాయి. అవే పరమాణువు చేతులు. ప్రతి పట్టీ చివరా టిచ్ బటన్‌లోని బుడిపె ఒకటి, గుంట ఒకటి. నా బుడిపె నీ గుంటలోకి, నీ బుడిపె నా గుంటలోకి. టిక్కుమంటే బంధం కుదిరినట్టు. హైడ్రోజన్‌కు ఒక పట్టీ, ఆక్సిజన్‌కు రెండు, కార్బన్‌కు నాలుగు, నియాన్‌కు అసలు లేవు. పదహారు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు, నాలుగు కార్బన్లు, నాలుగు నియాన్లు. ముప్పైమంది పిల్లలు, నలభైనాలుగు పట్టీలు. దుకాణంలో ఆరు డజన్ల అట్ట తప్ప విడిగా ఇవ్వం అన్నారు కాబట్టి డెబ్బైరెండు బటన్లు ఇంటికొచ్చాయి.

డెబ్బైరెండు ఉండగా నలభైనాలుగుకు తక్కువ ఎలా వచ్చాయి?

ఈ ప్రశ్న ఆమె నోటిదాకా వచ్చింది. ఎవరి జాకెట్లకో వాడేసి ఉంటుంది పాపం, ఊరికే కుట్టిపెడుతున్న మనిషిని లెక్క అడిగితే ఏం బావుంటుంది అనుకుని మింగేసింది. ఆ రోజు ఆమె చేసిన తప్పు అదొక్కటే. మిగతావన్నీ దాని పిల్లలు.

"నా బటన్లు నాకు కావాలి," అన్నాడు ఇంటాయన.

"ఇచ్చాక అడగడమేమిట్రా?"

"నేనెక్కడిచ్చాను? నువ్వు పుచ్చుకున్నావు!"

బీయస్సీకి నవ్వొచ్చింది. "ఏవండీ, ఉప్పులో జరిగేది ఇదే. సోడియం దగ్గర ఒక ఎలక్ట్రాన్ అదనంగా ఉంటుంది, దాన్ని వదిలేస్తే గానీ దానికి కుదురుండదు. క్లోరిన్‌కి ఒకటి తక్కువ. ఇది ఇచ్చేస్తుంది, అది పుచ్చుకుంటుంది. ఇక ఆ క్షణం నుంచి ఒకదాన్నొకటి వదలవు."

"మేం అక్కాతమ్ముళ్ళం. ఉప్పు కాదు," అన్నాడాయన. కానీ అరగంట గడిచినా అక్కగారి పక్క నుంచి కదల్లేదు.

పదకొండుకు పది నిమిషాలుందనగా చివరి బెల్టు పూర్తయింది. బీయస్సీ బెల్టులన్నీ సంచీలో కుక్కుకుని, గొడుగేసుకుని పరుగున వెళ్ళింది. కళ్ళజోడు గ్యాస్ పొయ్యి పక్కనే ఉండిపోయింది.

క్లాసు మొదట్లో అంతా సాఫీగా సాగింది. బెంచీలు గోడకు జరిపి పిల్లల్ని మధ్యలో నిలబెట్టి బెల్టులు కట్టించింది. కళ్ళజోడు లేకపోవడంతో ఆమెకు పట్టీలు మసగ్గానే కనిపించాయి, కానీ ముందువైపు వేలాడుతున్నవి సరిగ్గానే ఉన్నాయి.

"ప్రతి పరమాణువుకీ మధ్యలో ఒక కేంద్రకం, దాని చుట్టూ అరల్లో ఎలక్ట్రాన్లు. అన్నిటికంటే బయటి అర నిండేదాకా పరమాణువుకి కుదురుండదు," అంది. "ఆక్సిజన్ బయటి అరలో ఎనిమిదికి చోటు, ఉన్నవి ఆరు. ఎన్ని తక్కువ?"

"రెండు!"

"అందుకే రెండు పట్టీలు. కార్బన్‌కి నాలుగు తక్కువ, నాలుగు పట్టీలు. హైడ్రోజన్ అర చిన్నది, రెండే పడతాయి. ఒకటుంది, ఒకటి కావాలి. మరేం చెయ్యాలి? లాక్కుంటే పక్కవాడు ఊరుకోడు. అందుకని ఇద్దరూ చెరొకటి మధ్యలో పెట్టి ఇద్దరూ వాడుకుంటారు. బుడిపె నువ్వు పెట్టింది, గుంట అవతలివాళ్ళది దిగేందుకు. రెండూ దిగాయా, అదొక బంధం."

"టీచర్, నాకు పట్టీ లేదు," అన్నాడు ఒక నియాన్.

"నీ అర నిండుగా ఉంది నాయనా. నీకు ఎవరి అవసరమూ లేదు."

వాడు ఛాతీ విరుచుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఇప్పుడు అందరూ జతలు వెతుక్కోండి. ఒక్కటే నియమం. ఒంటి మీద ఒక్క ఖాళీ కూడా మిగలకూడదు."

టిక్కు, టిక్కు, టిక్కు. ఇద్దరు హైడ్రోజన్ల మధ్య ఒక ఆక్సిజన్ చేరి నీళ్ళు తయారైంది. నలుగురు హైడ్రోజన్లు ఒక కార్బన్‌కు తగులుకున్నారు. బీయస్సీ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. పుస్తకంలో గీతలుగా చూసినవి ఇప్పుడు చెమటలు పట్టి, నవ్వి, ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటున్నాయి.

అప్పుడు రెండు జడల హైడ్రోజన్ ఒకతె నడుము వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుంది.

"టీచర్, నాకు వెనకాల ఇంకోటుంది."

"ఏం ఇంకోటి?"

"పట్టీ. మడిచి కుట్టేశారు. ఖాళీగా ఉంది."

బీయస్సీ ఏమిటో అర్థం చేసుకునేలోపు ముప్పై చేతులు ముప్పై నడుముల వెనక్కి వెళ్ళాయి. ఒంటి కుట్టుతో ఆపిన మడతలు పటపటా విడిపోయాయి. ఆమెకు కళ్ళజోడు లేకపోయినా ఆ క్షణాన సర్వమూ కనిపించింది. అక్కగారు ఏ బట్ట కుట్టినా లోపల ఒక బటన్ అదనంగా పెట్టి ఇస్తుంది. ఊడితే పనికొస్తుందని. ముప్పై ఏళ్ళ అలవాటు. బెల్టు బెల్టుకూ పట్టీతో సహా ఒకటి పెట్టింది. నలభైనాలుగూ ముప్పై, డెబ్బైనాలుగు. ఆరు డజన్లకు రెండు ఎక్కువ.

"ఆగండర్రా, అవి లెక్కలోకి రావు," అంది. ఎవరూ ఆగలేదు. ఖాళీ మిగలకూడదని నియమం పెట్టింది ఆమే. నీళ్ళలోని హైడ్రోజన్ వెనక్కి తిరిగి పక్క నీళ్ళను పట్టుకుంది. అది వెళ్ళి కార్బన్‌ను పట్టుకుంది. కిటికీ దగ్గర గొప్పగా నిలబడిన నియాన్ కూడా నడుము తడుముకుని, మొహం వెలిగిపోయి, గుంపులోకి దూకాడు.

"విడిపోండి!"

"విడిపోతే మళ్ళీ ఖాళీ వస్తుంది కదా టీచర్!" అన్నారు కార్బన్లు.

ఆమె స్వయంగా ఒక పట్టీ పట్టుకుని లాగింది. అక్కగారి కుట్టు, కదలదు. గట్టిగా లాగితే ఒకటి ఊడింది, ఆ కుదుపుకు అవతల రెండు టిక్కుమన్నాయి. సరిగ్గా అప్పుడే గంట కొట్టారు. గంట వింటే తలుపు వైపు పరిగెత్తడం పిల్లలకు ఊపిరి పీల్చినంత సహజం. ముప్పైమంది ఒకే ముద్దగా తలుపు దాకా వెళ్ళి, అందులో పన్నెండుమంది గడప దాటి, మిగతా పద్దెనిమిదిమంది లోపలే ఇరుక్కున్నారు.

వరండాలో అటువైపు నుంచి ఇంటాయన వస్తున్నాడు. చేతిలో భార్య కళ్ళజోడు. ఉన్న నాలుగు బటన్లు పెట్టుకుంటే లేని రెండూ మరీ కనిపిస్తాయని కోటు బార్లా తెరిచే వేసుకొచ్చాడు. ముందు వరసలోని ఆక్సిజన్ ఒకడు ఆ కోటు అంచును చూశాడు. నాలుగు గుంటలు, నాలుగూ ఖాళీ.

టిక్కు.

"ఏయ్! ఎవర్రా నువ్వు?"

"ఆక్సిజనండీ."

"వదులు! పదకొండూ నలభై ఏడుకి నా బస్సు!"

"మీకు ఇంకా మూడు ఖాళీలున్నాయండీ," అని ఇంకొకతె దయగా మరొకటి నొక్కింది.

ఈ గోలకు హెడ్‌మిస్ట్రెస్ రానే వచ్చింది. పాఠం చివర్లో వచ్చి చూస్తానని ముందే చెప్పింది. వాననీళ్ళు కారుతున్న గొడుగును మడిచి చేత్తో పట్టుకుంది. గొడుగు పట్టీకి కూడా టిచ్ బటన్ ఉంటుందన్న సంగతి ఆమెకెప్పుడూ గుర్తు రాలేదు. నియాన్‌కు ఠక్కున కనిపించింది.

టిక్కు.

హెడ్‌మిస్ట్రెస్ గొడుగును ఒకసారి లాగింది. ముద్ద మొత్తం ఒక అడుగు ఆమె వైపు జరిగింది. ఇంటాయన కూడా జరిగాడు.

"ఇది... పాఠమా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

బీయస్సీ లోపలే, పద్దెనిమిదిమంది వెనక ఉండిపోయింది. మూడు నెలల ఉద్యోగం ముప్పై నిమిషాల్లో ముగిసిందని ఆమెకు ఖాయమైపోయింది. పొరపాటు మా వదినదండీ అని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచింది కూడా.

"టీచర్," అంది మధ్యలో నలుగుతున్న రెండు జడల పిల్ల. "నిజంగా హైడ్రోజన్‌కి రెండు చేతులుంటే నీళ్ళు ఇలాగే ఉంటాయా?"

వదిన మీద చెప్పబోయిన మాట బీయస్సీకి గుర్తు లేకుండా పోయింది. కాలేజీలో మూడేళ్ళు చదివింది, పరీక్షలు రాసింది. ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. తనకు తానుగా వేసుకోనూ లేదు. హెడ్‌మిస్ట్రెస్, బస్సు, ఉద్యోగం, అన్నీ ఒక్కసారి దూరంగా జరిగిపోయాయి. ఆమె ఒక బెంచీ మీదికెక్కి ఆ ముద్దను తీరిగ్గా చూసింది.

"నువ్వే చెప్పు. ఒకటే చెయ్యి ఉంటే ఏమయ్యేది?"

"ఆక్సిజన్‌ని పట్టుకునేదాన్ని. అయిపోయేది. ముగ్గురం విడిగా ఉండేవాళ్ళం."

"విడిగా ఉన్న ముగ్గురు తలుపులోంచి పోగలరా?"

"పోగలరు. ముగ్గురు, ముగ్గురు, ముగ్గురు, జారుకుంటూ!"

"అదే నీళ్ళు పారడం. చిన్న చిన్న అణువులు. పక్కపక్కన ఉన్నప్పుడు కాస్త రాసుకుంటాయి, అంటుకుంటాయి, కానీ ఇలా బిగుసుకోవు. మరి రెండు చేతులుంటే?"

"ఎక్కడా ఆగం టీచర్. ఒకరి వెనక ఒకరు, సముద్రం అంతా ఒకటే ముద్ద."

"గ్లాసులో పోసుకోలేం," అన్నాడు ఆక్సిజన్.

"స్నానం చెయ్యక్కర్లేదు," అన్నాడు నియాన్ ఆశగా.

హెడ్‌మిస్ట్రెస్ గొడుగు వదలకుండానే అడిగింది. "నియాన్ ఎవరితోనూ కలవదని నేను చదువుకున్నానే? నువ్వు నన్నెందుకు పట్టుకున్నావు?"

వాడు తన బెల్టు చూసుకున్నాడు, పక్కవాడిది చూశాడు. వేళ్ళు మడిచాడు. "నా తప్పు కాదండీ. నాకు సున్నా ఉండాలి, ఒకటుంది. దీనికి ఒకటుండాలి, రెండున్నాయి. వాడికి రెండుండాలి, మూడున్నాయి. అందరికీ ఒక్కొక్కటి ఎక్కువ. బెల్టులు తప్పు. టీచర్ చెప్పిందే రైటు."

హెడ్‌మిస్ట్రెస్ బెంచీ మీదున్న మనిషి వైపు తలెత్తి చూసింది. "పాఠంలో తప్పు పెట్టి పిల్లల చేత పట్టించాలని మీకెలా తోచిందండీ? నాకు ఇరవై ఏళ్ళ సర్వీసులో తోచలేదు."

బీయస్సీ నిజమే చెప్పేసింది. "నాకు తోచలేదండీ. మా వదినకి తోచింది. ఆవిడకీ తెలియదు."

ఇంటాయనను విడదీసేసరికి పదకొండూ నలభై ఏడు బస్సు వెళ్ళిపోయింది. ఆయన ఉద్యోగంలో చేరాక తప్పిపోయిన మొదటి బస్సు అది.

ఆ సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అక్కగారికి కథంతా అప్పటికే వీధి ద్వారా చేరింది.

"అదనంగా పెట్టడం తప్పెలా అవుతుంది? ఊడితే పనికిరాదూ?" అంది కంచం జరుపుకుంటూ.

"పరమాణువుకి స్పేర్ ఉండదు వదినా. ఉంటే మనం ఉండం."

"అలా అయితే వాటిని సరిగ్గా కుట్టలేదన్నమాట."

ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. ఉద్యోగం సంగతి, చూద్దాం..."

"చూడడానికేం లేదండీ," అంది బీయస్సీ. ఆమె గొంతు పెద్దది కాలేదు. "సోమవారం నుంచి నేను బడికి వెళ్తున్నాను. పొద్దున్న ఎనిమిదింటికల్లా. సంతకం పెట్టే వచ్చాను. వదిన కూడా శుక్రవారాలు వస్తున్నారు, పిల్లలకి కుట్టు నేర్పడానికి. హెడ్‌మిస్ట్రెస్ అడగమన్నారు, వస్తారని నేనే చెప్పేశాను."

అక్కగారి చేతిలోని ముద్ద నోటి దగ్గరే ఆగింది. "నన్నడక్కుండానా?" అంది. తర్వాత, "ఎన్నింటికి?" అంది.

"పదింటికి."

"మీరిద్దరూ వెళ్తే వంటో?" అన్నాడు ఇంటాయన.

ఇద్దరూ ఆయన వైపు చూశారు. చాలా కుతూహలంగా, మర్యాదగా, జవాబు ఆయన నుంచే రావాలన్నట్టు చూశారు. ఆయన కంచంలోకి చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు, డ్యూటీ చార్టు మనసులో తిరగేశాడు.

కాసేపటికి, "కుక్కర్ ఎన్ని విజిల్స్‌కి దింపాలి?" అని అడిగాడు.