కర్త లేని వాక్యం

దెబ్బలు తిన్న ప్రతి ఆడబిడ్డకూ సోషల్ మీడియాలో సముచిత గౌరవం కల్పిస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఆ గౌరవం తయారుచేసే పని పోస్టులన్న నెత్తిన పడింది. మంత్రిగారి పేజీ నడిపేది అతనే. చెయ్యి తిరిగిన మనిషి. మంత్రిగారు తుమ్మినా దానికో నినాదం రాసిపెట్టగలడు.

మొదటి గౌరవం దర్జీ అమ్మాయికి దక్కింది. కొట్టుకి అడ్డంగా కారు పెట్టొద్దన్నందుకు ఆమె కుడిచెయ్యి విరిచినవాడు మంత్రిగారి బావమరిది. వీధి వీధంతా చూసింది. అయితేనేం, మన భాష చల్లని తల్లి! దెబ్బలు వాటంతటవే తగులుతాయి, చేతులు వాటంతటవే విరుగుతాయి. 'చెల్లెలి చెయ్యి విరిగింది, మంత్రిగారి గుండె పగిలింది' అని పోస్టు పెట్టేశాడు.

మర్నాడు ఆమే కట్టు కట్టిన చేత్తో ఆఫీసుకొచ్చింది.

"అన్నా, విరిగిందని రాశారు. విరిచాడని రాయండి. ఎవడో పేరు కూడా రాయండి. నాకింకేం వద్దు."

"పేరెందుకమ్మా, పోస్టు పొడుగైపోతుంది."

"మూడక్షరాలే కదన్నా!"

పోస్టులన్న నొచ్చుకున్నాడు. గొంతు చూస్తే ఖంగుమంటోంది, కళ్లు చూస్తే పొడిగా ఉన్నాయి. ఇలాంటి బాధితురాలికి లైకులెక్కణ్ణించి వస్తాయి?

"కాస్త తల వంచు తల్లీ, ఫొటో తీస్తాను."

"తల వంచడానికి నేనేం చేశాను?"

పాపం, ఆమెకి బాధితురాలిగా ఉండటం రాదని జాలిపడి, బొమ్మ కంప్యూటర్లోనే చేయించాడు. వంచిన తల, చెదిరిన జుట్టు, చెంపమీద ఒకే ఒక్క కన్నీటి చుక్క. పక్కన చేతులు జోడించిన మంత్రిగారు. లైకులు లక్ష దాటాయి. 'చూసి ఏడుపాగలేదు' అన్న మొదటి కామెంటు బావమరిదిదే.

ఆ సాయంత్రం ఆమె ఎడమచేత్తో ఫోను పట్టుకుని సొంతంగా వీడియో పెట్టింది. పేరు చెప్పింది, మూడక్షరాలూ విడివిడిగా.

జనం మండిపడ్డారు. 'ఎవరీవిడ? ఆ చెల్లి ఎంత ఏడ్చిందీ! ఈమెకి కంట తడైనా లేదు.' 'దెబ్బలు తిన్నదానికి ఇంత పొగరా?' తన బొమ్మలోని బాధితురాలికి జరిగిన ఈ అవమానం చూసి పోస్టులన్న కడుపు రగిలిపోయింది. వెంటనే ఆ వీడియోమీద రిపోర్టు కొట్టాడు.

పొద్దున్నే ఆమె మళ్లీ వచ్చి, ఫోను అతని బల్లమీద పెట్టింది.

"ఇదెవరి పనన్నా?"

అతను కళ్లజోడు సర్దుకుని చదివాడు: 'బాధితురాలి పేరుతో నకిలీ ఖాతా నడుపుతున్నందున మీ ఖాతా మూసివేయబడింది.'

మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. ముఖం విప్పారింది.

"వాక్యం ఎంత బాగా కుదిరిందో చూడు తల్లీ!" అన్నాడు మనస్ఫూర్తిగా.