ముత్యాలరావు ఇంటికి మాఘమాసం

పాలమెట్ట కాలనీలో ఇల్లు అమ్మదలచినవాళ్లు గోడల మీది వరద చారకు రెండు పూతలు సున్నం కొట్టించాలి, చెద తిన్న ద్వారబంధాలకు పసుపు దట్టంగా రాయాలి, ఇరుగుపొరుగుకు పూతరేకులు పంచి వాళ్ల నోళ్లు కట్టాలి, బ్రోకరు చెవిన వెయ్యాలి, చివరగా మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి తమ ప్రహరీ లోపలి వరకు మాఘమాసం మంజూరు చేయించుకోవాలి.

సహకార బ్యాంకు క్యాషియరు ముత్యాలరావు మొదటి నాలుగు పనులూ ఆదివారం నాడే ముగించాడు. అయిదో దానికి సెలవు పెట్టాడు.

మాఘమే ఎందుకంటే, మిగతా నెలలు అమ్మకానికి పనికిరావు. ఆషాఢంలో ఎవరూ ఇల్లు చూడరు. శ్రావణం మంచి నెలే గానీ కాలనీ మోకాలి లోతు నీళ్లలో ఉంటుంది. భాద్రపదంలో పితృపక్షాలు. కార్తీకంలో జనమంతా వనభోజనాల్లో ఉంటారు. పుష్యం శూన్యమాసం. వైశాఖంలో కుళాయి గాలి తప్ప మరేమీ వదలదు. మాఘంలో మాత్రం గోడ పొడిగా, ఎండ మెత్తగా, పెరట్లో మామిడి పూతతో ఉంటాయి. ఇల్లంటే ఎలా ఉండాలని కొనేవాడు కలగంటాడో, అబద్ధం ఆడకుండానే అలా ఉంటుంది.

అసలు మాఘం వచ్చేదాకా ఆగడానికి లేదు. ముత్యాలరావు భార్య అనసూయకు ఉబ్బసం. ఈ వానాకాలం కూడా ఆ చెమ్మ గోడల మధ్యే గడిపితే తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట చెప్పేటప్పటికే శ్రావణం మొదలైంది. రాత్రిళ్లు ఆవిడ మంచం మీద కూర్చునే నిద్రపోతోంది.

ఋతువుల సెక్షను జనన మరణాల కిటికీ పక్కనే ఉంది. గుమాస్తా కనకరత్నం మాఘానికి గిరాకీ ఎక్కువని, ఫాల్గుణమైతే ఇప్పుడే ఇస్తానని చెప్పింది. హోలీ రంగులు గోడకు అంటితే ఆఫీసుకు పూచీ లేదంది. ముత్యాలరావు డాక్టరు చీటీ చూపించాక మాఘం దొరికింది. సంతకం పెడుతూ, మరి తన ఇంట్లో ఉన్న శ్రావణాన్ని ఏం చేస్తారని అడిగాడు.

“తీసింది ఎక్కడో ఒకచోట పెట్టాలి కదండీ. పారబోస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు.”

“ఎక్కడ పెడతారు?”

“డోర్ నంబరు లేని ఇళ్లున్నాయి కదండీ, కల్వర్టు అవతల. వాళ్లకి అభ్యంతరం చెప్పే వీల్లేదు. అభ్యంతరం రాయాలంటే డోర్ నంబరు ఉండాలి.”

మర్నాడు పారిశుధ్య సిబ్బంది వచ్చి శ్రావణాన్ని తడి టార్పాలిన్‌లా చుట్టి, తోపుడు బండి మీద వేసుకుని పోయారు. వీధిలో వాన అలాగే పడుతోంది. గేటు లోపల మాత్రం పలచటి మంచు, దాని మీద లేత ఎండ. అనసూయ వాకిట్లో కుర్చీ వేసుకుని, చాలా రోజులకు ఊపిరి నిండా పీల్చింది. ముత్యాలరావు అది చూశాడు. ఆ తర్వాత తోపుడు బండి ఎటు వెళ్లిందో చూడలేదు.

కొనడానికి వచ్చినాయన పరమేశం, హార్డ్‌వేర్ కొట్టు యజమాని. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటుతో నీళ్లలో నడిచి వచ్చి, గేటు దాటగానే ప్యాంటు దించి మఫ్లరు చుట్టుకున్నాడు. ఈశాన్యం మూల చూశాడు. వంటగది ఆగ్నేయంలో ఉన్నందుకు సంతోషించాడు. మామిడి పూత రాల్చి వాసన చూశాడు. అడ్వాన్సు చెక్కు మీద అంకెలు వేస్తుండగా గేటు చప్పుడైంది.

నడుము దాకా తడిసిన ఆడమనిషి, నెత్తి మీద పళ్లెం. కల్వర్టు అవతల ఎండుచేపలు అమ్మే రూతమ్మ. చెక్కు మీద ఇంకా సంతకం పడలేదు.

“అమ్మగారూ, మీ శ్రావణం మా ఇంట్లో దించేరండి. అందులో మీ వరలక్ష్మీ వ్రతం కూడా ఉండిపోయిందండి. మేం చర్చికెళ్లేవాళ్లం, మాకెందుకని తెచ్చేను. కుంకం తడిసింది, ఏవనుకోకండి.”

అనసూయ లేచి పళ్లెం అందుకుంది. ఇంట్లో ఎలా ఉందని అడిగింది.

“మీది బాగా బరువండి. పోయినేడు లాయరుగారిది ఇంత లేదు. మాకు మూడేళ్లుగా శ్రావణం పోనే లేదండి, ఒకరిది అయ్యేలోగా ఇంకొకరిది దించుతున్నారు. చేపలు ఎండట్లేదు. తడివే అమ్ముతున్నాను, కొనేవాళ్లు తిడుతున్నారు.”

“ఎప్పటికి తెరిపిస్తుంది రూతమ్మా?”

“ఈ కాలనీలో ఇంకెవరూ ఇల్లు అమ్మకుండా ఉంటేనండి.”

అనసూయ భర్త వైపు చూసింది. అమ్మొద్దని ఆ ఒక్క మాటా ఆవిడ అంటుందేమోనని ముత్యాలరావు భయపడ్డాడు. అనడానికి నోరు తెరిచింది కూడా. గుండెల నిండా గాలి వచ్చింది. దగ్గు రాలేదు. ఆవిడ నోరు మూసుకుని, తడి కుంకుమ నుదుట పెట్టుకుంది.

ఇదంతా విన్న పరమేశం ఏమంటాడోనని ముత్యాలరావు నసిగాడు. నీళ్ల విషయం ఏమైనా అడగదలచుకుంటే అడగమన్నాడు.

“అడగనండి. అడిగితే మీరు చెప్పాలి, చెబితే నాకు తెలుస్తుంది. తెలిసిన ఇంటిని రేపు నేనెలా అమ్ముకోను?” అని సంతకం పెట్టి, మునిసిపల్ ఆఫీసులో ఋతువులిచ్చే గుమాస్తా పేరేమిటో అడిగి రాసుకున్నాడు.

రూతమ్మ తన పళ్లెం కోసం కాసేపు నిలబడి, తర్వాత తీసుకుంటానని వెళ్లిపోయింది.

ముత్యాలరావు దంపతులు ఊరికి ఎగువన మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నారు. అనసూయ ఇప్పుడు పడుకుని నిద్రపోతోంది. ఆ ఫ్లాటును వాళ్లు చూసిన రోజు కూడా గోడలు పొడిగానే ఉన్నాయి, ఎండ మెత్తగానే ఉంది. దాన్ని అమ్మినవాళ్లను వీళ్లేమీ అడగలేదు.

మీరూ ఎప్పుడో ఒక ఇల్లు చూడటానికి వెళతారు. వీధంతా బురదగా ఉన్నా వాకిలి మాత్రం హాయిగా, పూత వాసనతో ఉంటుంది. నచ్చుతుంది. చెక్కు మీద సంతకం పెట్టేముందు రూతమ్మను ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుని, సంతకం పెట్టండి. దానికి నిబంధనలేవీ అడ్డు రావు.