సావిత్రమ్మకు పరామర్శ

ఎర్రగట్టు నియోజకవర్గం డిజిటల్ యుగంలోకి అడుగు పెట్టిందని ఎమ్మెల్యే నాగరాజు గారు మార్కెట్ యార్డులో పత్తి బస్తాల నడుమ నిలబడి ప్రకటించారు. "ఇగ నుంచి మన కార్యకర్త ప్రతి ఒక్కడు ఒక సైనికుడు, ప్రతి సెల్‌ఫోన్ ఒక తుపాకి" అన్నారు. సరిగ్గా అప్పుడే మైకు ఆగిపోవడం వల్ల ఆ చారిత్రక వాక్యం ముందు వరుసకు మాత్రమే దక్కింది. అయినా సాయంత్రానికల్లా జేజేలు వెల్లువెత్తాయి. మర్రిగూడ వైపు రైతు ఒకాయన ఆ ప్రసంగం విని కంటతడి పెట్టుకున్నాడు. హుజూర్‌నగర్‌లో స్థిరపడిన ఆయన తమ్ముడు, వ్యాపారి, సొంత ప్రాంతాన్ని తలచుకుని గర్వపడ్డాడు. ఆ వ్యాపారి కూతురు, మనస్విని అనే విద్యార్థిని, 'యువతకు మీరే దిక్కు అంకుల్' అని రాసి రెండు దండాల బొమ్మలు పెట్టింది.

ఆ సమయానికి రైతు, వ్యాపారి, విద్యార్థిని ముగ్గురూ ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు వెనక గదిలో, చార్జింగ్ ప్లగ్గు పక్కన, ఒకే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముగ్గురి అసలు పేరూ ఐలేశం.

ఐలేశం ప్రతిభను గురించి రాయాలంటే పెద్ద పుస్తకమే అవుతుంది. అరవై దాకా ఖాతాలను ఆయన ఒంటిచేత్తో నడిపేవాడు. పట్నాల్లో ఇలాంటి పని చేసేవాళ్లు కంప్యూటర్‌లో పట్టికలు గీసుకుంటారట, రంగులు వేసుకుంటారట. ఐలేశం అవేమీ పెట్టుకోలేదు. చుట్టరికాలు కలిపాడు. ఒక ఖాతా ఇంకో ఖాతాకు బావ, మరొకటి దానికి మేనకోడలు. ఫేస్‌బుక్‌లో పెద్దవాళ్లుంటారు, ఇన్‌స్టాలో వాళ్ల పిల్లలు, వాట్సాప్ గ్రూపుల్లో అల్లుళ్లు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిస్తే ఎవరు ఎక్కడ ఏం మాట్లాడాలో దానంతట అదే తెలిసిపోతుంది. తండ్రి పోస్టు కింద మనస్విని ఎన్నడూ ఎదురు మాట రాయలేదు. అల్లుళ్లు మాత్రం అలిగేవాళ్లు. అసలైన కుటుంబాల్లో కూడా ఇంత క్రమశిక్షణ ఉండదు.

పార్టీలోకి రాకముందు ఐలేశానికి ఆటో మీద మైకు కట్టి ఊరూరా చాటింపు వేసే పని. తప్పిపోయిన మేకలు, టెంటు సినిమాలు, దవాఖాన క్యాంపులు, అన్నిటికీ ఆయన గొంతే. ఆయన బాపు వీధి భాగవతాల్లో ఆడవేషాలు వేసేవాడు. కనుక ఖాతాల్లో ఆడవాళ్ల మాట ఐలేశానికి రక్తంలోనే ఉందనుకోవాలి.

ఆయన భార్య నిరోషకు మాత్రం ఈ కళ మీద పెద్ద గౌరవం లేదు.

"ఇంట్ల ఒక్క మాట మాట్లాడవు. గా ఫోన్ల అరవై మందివై మాట్లాడుతవు" అనేది.

"జర ఓపిక పట్టు నిరోషా. అన్న మాటిచ్చిండు. మార్కెట్ కమిటీ చైర్మన్ నేనే. రూము తలుపు మీద పేరు రాస్తరు. ఐలేశం అని."

"నీ పేరు నీకు ఇంకా యాదికున్నదా?"

ఆ మాట ఐలేశానికి గుచ్చుకునేది, ఎందుకంటే అది నిజం. ఆయన సొంత పేరు మీద కూడా ఒక ఖాతా ఉంది. దాన్ని పట్టించుకునే తీరిక లేక బూజు పట్టింది. ఆయన పంపిన ఫ్రెండ్ రిక్వెస్ట్‌ను నిరోష కూడా ఇంకా ఒప్పుకోలేదు. ఐదేళ్లుగా పార్టీలో ఎవరూ ఆయన్ను ముందుగదిలోకి పిలిచి కూర్చోమన్న పాపాన పోలేదు. చైర్మన్ కుర్చీ కోసం ఆయన ప్రాణం కొట్టుకుంటున్నది అందుకే. దానికి చేతులుంటాయి, మెత్త ఉంటుంది, ఎదురుగా తన పేరుంటుంది.

ఆ రోజు రానే వచ్చింది. క్యాంపు ఆఫీసులో నాయకులందరినీ కూర్చోబెట్టి నాగరాజు గారు గొంతు సవరించుకున్నారు. ఐలేశం గడప దగ్గర ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డాడు.

"మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి" అన్నారు ఎమ్మెల్యే గారు, "నా కోసం రాత్రింబవళ్లు కొట్లాడిన ఒక సామాన్య కార్యకర్తకు ఇస్తున్న."

ఐలేశం ఒకడుగు ముందుకు వేశాడు.

"ఆమె పేరు సావిత్రమ్మ. ఊరు రాళ్లబాయి."

ఐలేశం వేసిన అడుగు అక్కడే ఉండిపోయింది.

సావిత్రమ్మ ఆయన ఖాతాల్లోకెల్లా రత్నం. మర్రిగూడ వైపు రైతుకు వదిన వరస. మొగుడు లేడు, పిల్లలు లేరు, ముఖం ఉండాల్సిన చోట బతుకమ్మ బొమ్మ ఉంది. ఎదుటి పార్టీవాళ్లను ఆమె తిట్టినట్టు ఎవరూ తిట్టలేరు. 'నీ నోట్ల మన్నువడ, మాకు నల్లా నీళ్లియ్యనోనివి గిప్పుడు ఫ్లోరైడ్ అని ఏడుస్తున్నవా' అని ఆమె రాసిన పోస్టును ఎమ్మెల్యే గారు వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించేవారు.

"అన్నా, నాకు మాటిచ్చిన్రు గదా" అన్నాడు ఐలేశం.

"ఇచ్చిన. కనీ నువ్వేం జేసినవ్ ఐలేశం? నీ అకౌంట్ తెరిచి చూసిన. ఏడాదికొక్క పోస్టు. గది సుత వినాయక చవితి శుభాకాంక్షలు."

"అన్నా, గా అకౌంట్లన్నీ..."

"నీ పదో పదిహేనో నువ్వు నడుపుతవు, నాకెరుక. మిగిలినోళ్లంత నిఖార్సైన జనమని నువ్వే చెప్పినవ్ గద!"

నిజమే, చెప్పాడు. తన పని గొప్పతనం చూపించుకోవాలనే చెప్పాడు. ఇప్పుడు కాదంటే నాగరాజు గారికి నియోజకవర్గంలో ఉన్న అభిమానులంతా ఒక్కసారిగా ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి కూర్చుంటారు.

సాయంత్రం ఐలేశం సావిత్రమ్మ చేత ఒక పోస్టు పెట్టించాడు. 'నాకు పదవులొద్దు అన్నా. నాకన్న ఎక్కువ కష్టపడ్డోడు ఐలేశం. ఆయనకియ్యుండ్రి' అని ఆమె వినయంగా వేడుకుంది. చదివిన నాగరాజు గారికి కళ్లు చెమర్చాయి.

"చూసిన్రా, త్యాగమంటే గిది! గిసుంటామెకే పదవియ్యాలె. రేపు పొద్దుగాల రాళ్లబాయి పోయి దండేసి తోలుకొద్దాం" అన్నారు.

ఇక సావిత్రమ్మ చావక తప్పలేదు.

తెల్లవారి లేస్తూనే ఐలేశం ఆమెను చంపాడు. చంపడానికి నిజంగానే చేయి రాలేదు. ఇన్నేళ్లుగా ఆమె నోటితో ఆయన అన్న మాటలు తన నోటితో ఒక్కటి కూడా అనలేదు. అందుకే ఆమెకు ఏ రోగమూ తగిలించకుండా నిద్రలోనే పోనిచ్చాడు. 'మా వదిన సావిత్రమ్మ ఇగ లేదు. దహనం సుత అయిపోయింది' అని మర్రిగూడ రైతు రాశాడు. ఎవరూ రాకుండా ఉండేందుకే దహనం ముందే కానిచ్చాడు. హుజూర్‌నగర్ వ్యాపారి ఏడ్చాడు. అల్లుళ్లు అలకలు మాని ఏడ్చారు. మొత్తం చుట్టరికమంతా మైలలో పడింది కనుక మనస్విని సెల్ఫీలు ఆపేసింది. ఎమ్మెల్యే గారు ఓం శాంతి అని రాసి ఊరుకుంటారని, సాయంత్రానికి కుర్చీ సంగతి మళ్లీ మొదలవుతుందని ఐలేశం లెక్క.

అంత తెలివిగలవాడు ఒక్క విషయం మరిచాడు. నాగరాజు గారు అసెంబ్లీకి పోకపోవచ్చు, కాలువ శంకుస్థాపనకు పోకపోవచ్చు, కానీ తన నియోజకవర్గంలో మనిషి పోతే పరామర్శకు పోకుండా ఉండరు. ఆయన నాలుగుసార్లు గెలిచిన రహస్యమంతా అదే. సావిత్రమ్మ వార్త వినేసరికి నోట్లో బ్రష్షు ఉంది. బ్రష్షుతోనే కార్లు తీయమన్నారు. సన్మానానికని తెప్పించిన దండనే చావుకు వాడమన్నారు. దారి పొడవునా కార్యకర్తలు కలుస్తూ వరసగా కార్లు పెరిగాయి.

"రఘుపతికి ఫోన్ జేసి కుర్చీలు, టెంటు ఏపియ్యిమని చెప్పు" అని పీఏకు పురమాయించారు. రఘుపతి మండల పార్టీ అధ్యక్షుడు, సొంతూరు రాళ్లబాయే. చైర్మన్ పదవి మీద ఆయనకూ కన్నుంది. అయితే ఆయన చేతిలో ఉన్నది నంబర్లు నొక్కే పాత ఫోను. లైకు అంటే ఏమిటో కూడా ఆయనకు తెలియదు. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరున్నారో మాత్రం తెలుసు.

కారు వెనక సీటులో ఐలేశం ఇరుక్కుని కూర్చున్నాడు. మోకాళ్ల సందున ఫోను దాచి మర్రిగూడ రైతు చేత ఇంకో పోస్టు పెట్టించాడు. 'ఇంటి కాడ ఎవ్వరం లేము. అస్థికలు కలుపనీకి వాడపల్లి పోతున్నం.'

ముందు సీటులో నాగరాజు గారు అది చదివి వెనక్కి తిరిగారు.

"పొద్దుగాల కాలిస్తె గిప్పుడే అస్థికలా? మూడొద్దులన్న ఆగాలె గద! చెప్పేటి పెద్దమనిషి లేనట్టున్నది పాపం. అరే డ్రైవర్, జర జోరుగ పోనియ్. మనం పోయి చెప్దాం."

చావుల విషయంలో ఆయనకున్న పరిజ్ఞానం ముందు ఐలేశం తెలివి చాలలేదు. రాళ్లబాయి పొలిమేర కనిపించగానే ఐలేశం దేవుళ్లందరినీ వరసగా తలచుకున్నాడు. ఊళ్లో జనం ముక్కు మీద వేలేసుకుని 'సావిత్రమ్మా? గామెవరు?' అంటారు. అంతే, ఐలేశంతో పాటు అరవై మందీ ఒకేసారి కారు దిగి నడుచుకుంటూ ఇంటికి పోవాల్సిందే.

కారు దిగాడు. ఎదురుగా టెంటు, వరసగా కుర్చీలు. టెంటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద 'అశ్రునివాళి, సావిత్రమ్మ' అని ఉంది. ఫొటో ఉండాల్సిన చోట బతుకమ్మ బొమ్మ, దానికి పూలదండ. ఫ్లెక్సీ కింద బిక్షమ్మ అనే ముసలామె రొమ్ము బాదుకుంటున్నది.

"ఓ సావిత్రమ్మా! నిన్ననే గద నా ఇంట్ల గటుక తాగి పోయినవు! నన్నిడిసి ఎట్ల పోయినవే!"

ఆమె చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా శ్రుతి తప్పకుండా అందుకున్నారు. ఒక్క క్షణం ఐలేశానికే అనుమానం వచ్చింది, సావిత్రమ్మ నిజంగా ఉండేదేమో, తానే ఆమెను చంపాడేమోనని.

అంతలో కొత్తగా గుండు కొట్టించుకుని, భుజాన తడి తువ్వాల వేసుకున్న మనిషి వచ్చి నాగరాజు గారి కాళ్ల మీద పడ్డాడు. తల పైకెత్తితే రఘుపతి.

"మా మేనత్త అన్నా! పిల్లలు లేరు. నేనే తలకొరివి పెట్టిన."

"లే రఘుపతీ, లే. నీ మేనత్తని నాకింతదాంక చెప్పకపోతివి! అస్థికలు అప్పుడే కలిపిన్రా?"

"కలుపుతమని తయారైన్రు అన్నా. నేనే ఆపిన."

"మంచి పని జేసినవ్. ఆఖరుకేమన్న చెప్పిందా?"

రఘుపతి తువ్వాలతో పొడి కళ్లు తుడుచుకున్నాడు. "గా పదవి మా రఘుపతికియ్యిమని అన్నకు చెప్పుండ్రి అన్నది. మాట పూర్తికాక ముందే కన్ను మూసింది."

ఐలేశం ఆగలేకపోయాడు. "గదేంది అన్నా! ఆమె నిన్న ఫేస్‌బుక్‌ల నా పేరు రాసింది. అందరు చూసిన్రు."

టెంటు కింద ఏడుపులు ఆగాయి. రఘుపతి ఐలేశం భుజం మీద ప్రేమగా చేయి వేశాడు.

"రాసింది తమ్మీ, ఎవరు కాదన్నరు? కనీ మా అత్తకు సదువు రాదు. మరి గవన్నీ ఎవరు రాసినట్టు?"

నాగరాజు గారు ఐలేశం వైపు తిరిగారు. వెనక ఉన్న కార్యకర్తలందరూ తిరిగారు. బిక్షమ్మ కూడా తిరిగింది.

"ఆమె నోటితో చెప్తె నువ్వు రాసేటోనివి. గంతే గద ఐలేశం?" అన్నాడు రఘుపతి మెల్లగా. "లేకుంటె ఇంకోతీరు ఉన్నదా? ఉంటె చెప్పు, అన్న ముంగటనే."

ఇంకోతీరు ఉన్న సంగతి ఆ టెంటు కింద ఐలేశానికీ రఘుపతికీ మాత్రమే కాదు, ఏడుస్తున్న ఆడవాళ్లందరికీ తెలుసు.

"గంతే అన్నా" అన్నాడు ఐలేశం. "ఆమె చెప్పేది, నేను రాసేటోన్ని."

నాగరాజు గారు ఫ్లెక్సీ ముందు నిలబడి బతుకమ్మకు చేతులు జోడించారు. మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి దివంగత నాయకురాలి ఆఖరి కోరిక మేరకు ఆమె మేనల్లుడు రఘుపతికే ఇస్తున్నానని అక్కడికక్కడే ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు, చావింట్లో ఉన్నామని గుర్తొచ్చి ఆపారు.

అప్పుడు ఐలేశం ఏడ్చాడు. టెంటు గుంజ పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఐదేళ్ల కష్టం, తలుపు మీద పేరు, మెత్త ఉన్న కుర్చీ, నిరోషకు చెప్పాల్సిన జవాబు, అన్నీ కలిసి ఒక్కసారే వచ్చాయి. బిక్షమ్మ లేచి వచ్చి వీపు నిమిరింది. చూసినవాళ్లందరికీ గుండె కరిగింది.

తిరుగు దారిలో కారులో నాగరాజు గారు వెనక్కి తిరిగారు.

"సొంత మేనల్లుడు సుత గింతగనం ఏడ్వలే" అన్నారు. "నీది మంచి మనసు ఐలేశం. గా అకౌంట్ మాత్రం బంద్ చెయ్యకు. రఘుపతికి పదవొచ్చినందుకు ఆమె సంతోషపడ్డట్టు నాలుగు ముక్కలు రాయి. గిప్పుడే రాయి."

ఐలేశం ముక్కు తుడుచుకుని రాశాడు. 'మా రఘుపతిని చైర్మన్ చేసిన అన్నకు శతకోటి దండాలు. ఇట్లు మీ సావిత్రమ్మ.'

ముందు సీటులో ఫోను టింగుమంది. నాగరాజు గారు కళ్లద్దాలు పెట్టుకుని, మురిసిపోతూ చదివి, ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ జవాబు రాశారు. అది వెనక సీటులో ఐలేశం చేతిలోని ఫోనులో కనిపించింది.

'ధన్యవాదాలు సావిత్రమ్మా. ఎండలు ముదిరినయ్. ఆరోగ్యం జాగ్రత్త.'