ఛాయాదేవీ ఊకార నిగ్రహము

స్వస్తి. ఇక్కడి గుళ్లలో పురోహితులు సంకల్పం చెప్పేటప్పుడు క్రౌంచద్వీపమనీ, రమణకవర్షమనీ, ఐంద్రఖండమనీ పిలిచే అమెరికా దేశంలో, మహాసరోవర పరివేష్టితమైన మిషిగన్ మండలంలో, మోటారు రథాలకు పుట్టినిల్లయిన డెట్రాయిట్ మహానగరానికి ఉత్తర దిగ్భాగాన, ట్రాయ్ అనే పురమొకటి విరాజిల్లుతున్నది. ఇదే పేరు గల పురం కోసం పూర్వం యవనులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారని వినికిడి. మన ట్రాయ్‌లో పండగ పూట గుడి దగ్గర పార్కింగ్ కోసం తప్ప అంతటి కలహం ఎన్నడూ జరగలేదు. అటువంటి శాంతిపురంలో, పుష్యమాసపు హిమపాతం చెట్లనూ చెత్తడబ్బాలనూ సమదృష్టితో కప్పివేసిన ఒకానొక ఉదయాన, ఒక హైస్కూలులో జరిగిన ఘోర సంగ్రామాన్ని వినిపిస్తాను. అందులో రక్తం చిందలేదు. చప్పుడు కూడా రాలేదు. రాకపోవడమే కథ.

పరదేశాల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు నేర్పే విభాగంలో సహాయకురాలిగా కొలువున్న ఛాయాదేవి ఈ గాథకు నాయిక. ఆమె నరసింహ అనే సాఫ్ట్‌వేర్ యోధుని అర్ధాంగి, అనిక అనే పదో తరగతి కన్యకు మాతృమూర్తి, జారుడు మంచులో కారు నడపగల ధీర, సంతలాంటి దుకాణాల్లో చేతికొక బండి చొప్పున రెండు బండ్లను ఏకకాలంలో తోయగల సవ్యసాచి. సకల సద్గుణ సంపన్నురాలైన ఆ మహాతల్లికి ఒకే ఒక మర్మస్థానం ఉన్నది. ఎవరైనా ఏదైనా చెబుతుంటే ఆమె ఊ కొడుతుంది.

ఇది దోషమంటే తెలుగువాళ్లెవరూ ఒప్పుకోరు, నేనసలే ఒప్పుకోను. ఆమె చిన్నతనంలో కాకినాడలో ఒక మేనత్త ఉండేది. ఆవిడ కథ చెబుతూ, పిల్లల నుంచి ఊ రాకపోతే అక్కడికక్కడే ఆపేసేది. రాజకుమారుడు నడిసముద్రంలో ఉన్నా సరే, ఎవరో ఒకరు ఊ అనేదాకా ఆ నీళ్లలోనే ఉండవలసిందే. అందుచేత లోకంలోని కథలన్నీ ఊ అనే ఇంధనం మీదనే నడుస్తాయన్న నమ్మకం ఛాయాదేవికి ఎముకల్లో ఇంకిపోయింది. పెళ్లయిన తరువాత, నరసింహ వినిపించే ఆఫీసు మీటింగుల వృత్తాంతాల వల్ల ఆ విద్య మరింత పదునెక్కి, మనసు వంటింట్లో తిరుగుతుండగా నోరు తనంతట తానే ఊ కొట్టే సిద్ధి కలిగింది.

ఇక సంగ్రామ కారణం. కార్ల కంపెనీల్లో పనికి వచ్చిన చైనా ఇంజనీర్ల పిల్లలు కొందరు ఆ స్కూల్లో చదువుతున్నారు. వాళ్లకు ఇంగ్లీషు ఎంత వచ్చిందో తేల్చడానికి ఒక పరీక్ష పెడతారు. అందులో మొదటి భాగం చదవడం, రెండోది వినడం. వినే భాగంలో ఒక యంత్రకంఠం ఒక్కసారే చెబుతుంది, పిల్లలు విని సరైన జవాబుకు గుర్తు పెట్టాలి. ఆ సమయంలో గదిలో కాపలా ఉన్న పెద్దవాళ్లు నోటితో గానీ, తలతో గానీ, కనుబొమలతో గానీ ఏ సైగా చేయకూడదు. చేస్తే పరీక్ష చెల్లదు.

గడిచిన శరదృతువులో ఆ కాపలాకు ఛాయాదేవిని నిలబెట్టారు. ఏనుగును గాజుసామాను కొట్టుకు కాపలా పెట్టినట్టయింది. యంత్రకంఠం తేనెటీగల జీవితాన్ని వర్ణిస్తూ ఒక వాక్యం ముగించి, ఊపిరి పీల్చుకున్నంత సేపు ఆగింది. "ఊ," అన్నది ఛాయాదేవి. హావోరాన్ అనే కుర్రవాడు దాన్ని దైవవాణిగా భావించి తన జవాబు చెరిపి మరొకటి దిద్దాడు. పరీక్షల అధికారిణి మిస్ డొనెల్లీ తలుపు అద్దంలోంచి ఆ దృశ్యం చూసింది. అందరి పరీక్షా రద్దయింది.

అందరిలో ఎక్కువ నష్టపోయిన పిల్ల యూటింగ్. మాటలు తక్కువ, మరమేకులంటే ప్రాణం. రోబోటిక్స్ క్లాసులో చేరాలని ఆమె కోరిక. ఆ క్లాసూ, ఈ ప్రత్యేక ఇంగ్లీషు క్లాసూ ఒకే గంటలో జరుగుతాయి. పరీక్ష నెగ్గితేనే ఇక్కడి నుంచి విడుదల, అక్కడ ప్రవేశం. ఆ రోజు ఆ పిల్ల బాగా రాసింది, అది ఛాయాదేవి కళ్లారా చూసింది. రద్దయిందని తెలిశాక యూటింగ్ ఏడవలేదు, విసుక్కోలేదు. "ఇట్స్ ఓకే, మిస్ ఛాయా," అని తన సంచి సర్దుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఛాయాదేవి ఆ పూట అన్నం తినగలిగేది.

పుష్యంలో మళ్లీ పరీక్ష వచ్చింది. కాపలా ఉండవలసిన మరో సహాయకురాలు మంచులో జారి చెయ్యి విరగ్గొట్టుకున్నది. శిక్షణ పొందినవాళ్లు ఇంకెవరూ లేరు. ఈసారి కూడా రద్దయితే ఆ పిల్లలకు ఈ ఏడు మరో అవకాశం లేదు. విధి తన సైన్యాన్నంతా ఒక్క ద్వారం దగ్గరే మోహరించింది.

ముందురోజు సాయంత్రం, భోజనాల బల్ల దగ్గర, పెరుగన్నం సాక్షిగా యుద్ధసభ జరిగింది.

"అమ్మా, జస్ట్ డోంట్ మేక్ ద సౌండ్. ఇట్స్ నాట్ దట్ హార్డ్," అన్నది అనిక.

"నీకేం తెలుసే. అది నేను చేసేది కాదు. దానంతటదే వస్తుంది."

"నాతో ఎలా ఉంటావో దాన్ని రివర్స్ చెయ్యి, అంతే," అన్నాడు నరసింహ. "ఇంట్లో వినకుండా ఊ కొడతావ్. అక్కడ విను, ఊ కొట్టకు."

"వినట్లేదని ఎవరన్నారు మీకు?"

"మొన్న కార్‌లో, డాలస్‌లో ఆఫర్ వచ్చింది, మూవ్ అయిపోదామా అంటే ఊ అన్నావ్."

ఛాయాదేవి గరిటె కింద పెట్టింది. "డాలస్ ఏంటి?"

"చూశావా," అన్నాడు నరసింహ కూతురితో.

ఆ విషయం మరోనాడు తేల్చుకోవాలని తీర్మానించి, సభ ఆయుధాల చర్చకు దిగింది. గొంతు బాగుండాలని పాటగాళ్లు బుగ్గన పెట్టుకునే కరక్కాయ ముక్క ఒకటి పోపులపెట్టె అడుగున ఉన్నది. ఆ వగరుకు నాలుక ముడుచుకుపోతుంది కాబట్టి ఊ పుట్టదని ఛాయాదేవి వ్యూహం. పరీక్షించడానికి అనిక ఫోన్‌లో వాతావరణ వార్తలు పెట్టింది. చలిగాలికి తట్టుకున్నది, రోడ్ల మూసివేతకు తట్టుకున్నది. రేపు మళ్లీ మంచు పడుతుందనగానే, కరక్కాయ బుగ్గనుండగానే, మూసిన పెదవుల వెనక నుంచి ముక్కుమీదుగా ఊకారం వెలువడింది.

"అమ్మా, నోరు క్లోజ్ చేసినా వస్తుంది," అన్నది అనిక, మొదటిసారి కాస్త భయంగా.

మరునాటి ఉదయం, ఉన్ని కవచము, జానుదఘ్న పాదరక్షలు, కర్ణాచ్ఛాదక శిరస్త్రాణము ధరించి, కారు అద్దం మీద పేరుకున్న తుహిన దుర్గాన్ని ప్లాస్టిక్ పారతో భేదించి, వేరే ఆయుధం లేక ఆ కరక్కాయ ముక్కనే హరీతకీ ఖండంగా వామకపోలాన నిక్షేపించి, ఆ వీరాంగన రణరంగం చేరింది. ద్వారం దగ్గర మిస్ డొనెల్లీ నిలబడి ఉన్నది. ఆమె చెడ్డమనిషి కాదు, నిబంధనలు రాసింది ఆమె కూడా కాదు.

"ఛాయా, ఈసారి ప్లీజ్," అన్నది ఆమె. "నో సౌండ్స్."

ఆ మాట చెవిన పడగానే ఛాయాదేవి అంతరంగంలో ఒక మహాప్రతిజ్ఞ ఎగసింది. "ఓ గచ్చునేలా, ఓ హీటరు గొట్టమా, ఓ గోడ గడియారమా, వినుడు. మేనత్త నేర్పిన విద్యను మేనత్త మీద ఆనగా నేడు బంధించుచున్నాను. కథ నన్ను పిలుచుగాక, విరామము నన్ను కవ్వించుగాక, ఈ కంఠము శిలయై యుండును. నా వలన ఒక బాలిక కోల్పోయినదానిని నా మౌనముచేతనే తిరిగి ఇప్పించెదను. ఇప్పింపలేనినాడు ఈ జన్మమున మరల ఎవరి కథయు విననని ఇదే నా శపథము."

పైకి మాత్రం, "ఓకే, ఐ విల్ ట్రై," అన్నది.

పిల్లలు వచ్చి కూర్చున్నారు. యూటింగ్ మూడో వరుసలో, కిటికీ పక్కన. చదివే భాగం ప్రశాంతంగా సాగింది. కాగితం మీది అక్షరాలు ఎవరి దగ్గరా ఊ ఆశించవు. ఆ తరువాత మిస్ డొనెల్లీ మీట నొక్కి, బయటికి వెళ్లి, తలుపు అద్దం అవతల నిలిచింది. యంత్రకంఠం గొంతు సవరించుకున్నది.

తొలి దాడి బస్సు వేళల ప్రకటన. ఛాయాదేవి దాన్ని తృణప్రాయంగా తిప్పికొట్టింది. మలి దాడి గ్రంథాలయంలో ఇద్దరు స్నేహితుల సంభాషణ. అందులో ఒకడు తన కష్టం చెప్పుకుంటుంటే రెండోవాడు సరిగా బదులివ్వడంలేదు. పాపం ఆ అబ్బాయి కోసమైనా ఒక్క ఊ అనాలని ఆమె గుండె కొట్టుకున్నది. కరక్కాయను గట్టిగా కొరికింది. వగరు చెవుల దాకా పాకింది. వ్యూహం నిలబడింది.

అంతట, ప్రళయకాల మేఘం క్రమ్మినట్టు, ఆఖరి అంశం వచ్చింది. అది కథ.

పూర్వం మిషిగన్ సరోవర తీరాన ఒక లైట్‌హౌస్ ఉండేదట. దాని కాపరి ముసలివాడట. ఒకనాటి పొగమంచులో దీపం ఆరిపోయిందట. దూరాన ఒక ఓడ రాళ్ల వైపే వస్తున్నదట. యంత్రకంఠానికి ఇంత కథనశక్తి ఉన్నదని ఎవరూ హెచ్చరించలేదు. ఒక్కొక్క వాక్యానికీ ఆగుతున్నది, సరిగ్గా మేనత్త ఆగినట్టే. ఛాయాదేవి పిడికిళ్లు బిగించింది, కాలివేళ్లు ముడిచింది, డాలస్ గురించి ఆలోచించి కోపం తెచ్చుకున్నది. ముసలివాడు మెట్లు దిగి వంటగదిలోకి పరిగెత్తాడు. పెద్ద ఇత్తడి గిన్నె అందుకున్నాడు. ఓడ ఇంకా దగ్గరయింది. ఆ ఉత్కంఠలో ఛాయాదేవి కరక్కాయ మింగేసింది.

నిరాయుధ అయిన ఆ క్షణంలోనే యంత్రకంఠం ఆగింది. మామూలుగా ఆగే వ్యవధి కన్నా ఎక్కువసేపు ఆగింది. గదిలో హీటరు చప్పుడు తప్ప మరేమీ లేదు. ఊ అంటే పరీక్ష పోతుంది. అనకపోతే ఓడ రాళ్లకు కొట్టుకుంటుంది, ఎందుకంటే ఊ లేని కథ ముందుకు వెళ్లదు, ఇది ఆమెకు ఐదేళ్ల వయసు నుంచీ తెలుసు. ఊకారం నాభి దగ్గర పుట్టి, హృదయాన్ని దాటి, కంఠద్వారం దాకా వచ్చి తలుపు తట్టింది. ఆమె ఊపిరి బిగబట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అద్దం అవతల మిస్ డొనెల్లీ ముఖం అద్దానికి ఇంకా దగ్గరగా వచ్చింది. ఛాయాదేవి కంఠద్వారం తెరవలేదు.

అప్పుడు మూడో వరుస నుంచి, కిటికీ పక్క నుంచి, చిన్నగా, ముక్కుతో, ఒక చప్పుడు వచ్చింది.

"మ్."

యూటింగ్ తల ఎత్తలేదు. తాను ఆ చప్పుడు చేసిందని కూడా ఆ పిల్లకు తెలియదు. కళ్లు కాగితం మీద, ప్రాణం ఓడ మీద. వెంటనే హావోరాన్ కూడా, "మ్," అన్నాడు. మిస్ డొనెల్లీ చూపు తటాలున ఛాయాదేవి పెదవుల మీద పడింది. అవి కోటద్వారంలా మూసి ఉన్నాయి. రాసేవాళ్లు తమలో తాము గొణుక్కుంటే నిబంధనల్లో తప్పులేదు, కాపలావాళ్లు అంటేనే తప్పు.

కథ ముందుకు కదిలింది. ముసలివాడు గరిటెతో గిన్నెను బాదాడట. ఆ మోత విని ఓడ పక్కకు తిరిగిందట. ఛాయాదేవి బిగబట్టిన ఊపిరి నిశ్శబ్దంగా వదిలింది. చైనాలో కూడా మేనత్తలు ఉన్నారని ఆమెకు ఆనాడే తెలిసింది, తెలిసి ఎంతో సంతోషపడింది.

ఫలితాలు వచ్చిన రోజున యూటింగ్ మధ్యాహ్నం లంచ్ గదిలో ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. "ఐ గాట్ రోబోటిక్స్, మిస్ ఛాయా," అని చెప్పి, నిలుచున్నచోటనే తాను కట్టబోయే రోబో చెయ్యి సంగతి మొదలుపెట్టింది. మాటకు మాటకు మధ్య వెతుకులాట. ఆ చెయ్యి గుడ్డును పగలకుండా పట్టుకోవాలట. ఛాయాదేవి పెదవులు బిగించి, కొత్తగా అలవాటైన వ్రతాన్ని పాటిస్తూ, శిలలా విన్నది.

యూటింగ్ మధ్యలో ఆగిపోయింది.

"ఆర్ యూ మ్యాడ్ ఎట్ మీ?" అన్నది బెరుకుగా. "మా నానమ్మకు కోపం వస్తేనే మ్ అనదు."

పరీక్షలు లేవు. తలుపుకు అద్దం కూడా లేదు. ఛాయాదేవి నిండా ఊపిరి తీసుకుని, కాకినాడ దాకా వినిపించేటట్టు, "ఊ," అన్నది. ఆ పిల్ల ముఖం విప్పారింది. గుడ్డు దగ్గర ఆగిన కథ మళ్లీ మొదలైంది.

కనుక సకల జనులకూ తెలియజేయడమేమనగా, ట్రాయ్ పుర సంగ్రామంలో, పుష్యమాసంలో, సుభటాగ్రగణ్య అయిన ఛాయాదేవి ఊ అనలేదు. ఓడ ఒకటి ఒడ్డు చేరింది, పిల్ల ఒకతె క్లాసు మారింది, నరసింహ డాలస్ వెళ్లలేదు. ఈ గాథను భక్తితో విన్నవారి కథలు ఎక్కడా మధ్యలో ఆగకుండుగాక. ఇంతసేపూ ఓపికగా మౌనం పాటించారు. ఇక మీరు ఊ కొట్టవచ్చు.