దోన్యా హెర్మెలిందా గారి కన్నీళ్ళు, కప్పులు

పాఠక మహాశయులకు తెలియజేయునది ఏమనగా, మెక్సికోలోని మా ప్వెబ్లా నగరంలో పాత సీరియళ్ళ అభిమాన సంఘం దివ్యంగా నడుస్తోంది. నలభై ఏళ్ళ కిందటి సీరియల్‌ను టీవీలో బుధవారం తప్ప రోజూ సాయంత్రం నాలుగింటికి మళ్ళీ వేస్తున్నారు. అధ్యక్షురాలు దోన్యా హెర్మెలిందా గారి హాల్లో మేం పదకొండు మందిమి కూర్చుని చూస్తాం. నేను కార్యదర్శిని. ఎవరెవరు ఏడ్చారో మినిట్సు పుస్తకంలో రాయడం నా విధి.

సీరియల్లో కథానాయిక కొండల్లోంచి వచ్చిన పనిపిల్ల. యజమానురాలు ఆ పిల్లకి వేరే కప్పు పెట్టి, దాన్ని అంట్ల తొట్టి కింద ఉంచుతుంది. ఆ ఘట్టానికి అధ్యక్షురాలు మూడు రుమాళ్ళు తడిపారు. “మనిషేనా ఇది! దీని చేతులు పడిపోనూ!” అని శపించి ఖండన తీర్మానం పెట్టారు. ఏకగ్రీవంగా ఆమోదించాం. ఆ యజమానురాలి వేషం వేసినావిడ పోయి పన్నెండేళ్ళయినా, ఒక ప్రతి ఆవిడ పాత చిరునామాకి టపాలో పంపాం.

తీర్మానం రాస్తుండగా ఫెలీసితాస్ మాకు వేడి చాక్లెట్టు పోసింది. ఫెలీసితాస్ అధ్యక్షురాలి ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తోంది, ఆమెదీ కొండ ఊరే. ఆమె నీలం రేకు మగ్గు అంట్ల తొట్టి కింద ఉంటుంది. అయితే అది పరిశుభ్రత కోసం.

బుధవారం సీరియల్ ఉండదు, పాత హాస్యచిత్రం వేస్తారు. అందులో పనిమనిషి దొరసాని కప్పులో తాగుతూ పట్టుబడి, పరుగెత్తి, కేకు మీద పడుతుంది. పొట్టలు చెక్కలయ్యేలా నవ్వాం.

“ఆ రోజుల్లో హాస్యం ఎంత స్వచ్ఛంగా ఉండేది! ఇప్పటివాళ్ళకి ఏమన్నా మనసు నొచ్చుకుంటుంది,” అని అధ్యక్షురాలు అభిప్రాయపడ్డారు. “నవ్వవేమే ఫెలీసితాస్? అచ్చం నీ యాసే!”

“వింటున్నానమ్మా,” అంది ఆమె, ట్రే పట్టుకుని. “అమ్మగారూ, శుక్రవారం ఊళ్ళో మా అమ్మాయి యారెలి ఆరో తరగతి ముగింపు పండగ. పిల్లలు అమ్మానాన్నలతో డాన్సు చెయ్యాలి. దానికి తండ్రి లేడు, నేనే వెళ్ళాలి. ఒక్క రెండ్రోజులు సెలవివ్వండి.”

“శుక్రవారమా! ఆ రోజు చివరి భాగం కదే! పాపం ఆ పనిపిల్లకి న్యాయం జరిగేదే ఆ రోజు. చాక్లెట్టు ఎవరు పోస్తారే, నీ తాతా?”

గురువారం భాగంలో కథానాయిక ఏప్రాన్ విప్పి విసిరికొట్టి గడప దాటింది. మేం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగకముందే ఫెలీసితాస్ టీవీకి అడ్డంగా వచ్చి, తన ఏప్రాన్ విప్పి, చక్కగా మడిచి బల్ల మీద పెట్టింది.

“ఆరేళ్ళుగా మీ పింగాణీ కప్పుల్లోనే తాగుతున్నానమ్మా. ఆ రేకు మగ్గులో మీ పిల్లికి పాలు పోస్తున్నా. వస్తా, బస్సుకి టైమైంది.”

పదకొండు మందిమీ బల్ల మీది మా కప్పుల్ని దూరంగా నెట్టాం. ఏడవాలో నవ్వాలో తెలియలేదు, వెనక సంగీతం లేదు మరి. చివరికి అధ్యక్షురాలు తేరుకుని రెండు తీర్మానాలు పెట్టారు. ఒకటి, కథానాయిక గడప దాటడం మహోన్నత ఘట్టమని. రెండు, ఫెలీసితాస్ విశ్వాసఘాతకురాలని. రెండూ ఏకగ్రీవం. రెండింటి మీదా నేనే సంతకం చేశాను.

ఇంటికెళ్ళి మా అంట్ల తొట్టి కింద ఉండే మా పనిమనిషి కప్పు తీసి చూశాను. అడుగున పిల్లి వెంట్రుకలున్నాయి.

మీరు నవ్వుతున్నారు, సంతోషం. ఇంతకీ మీ ఇంట్లో పిల్లి ఉందా?